లైట్ రాలేదు కదా సార్!

"నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోందే!" అని టెస్టర్ల మొహం మీద కొట్టే డైలాగ్ ఒకటుంటుంది. నేను ఎన్నోసార్లు కొట్టా. మొన్న వానాకాలంలో అదే డైలాగ్ నాకు ఒక కారు సర్వీస్ సెంటర్‌లో తిరిగి తగిలింది. కర్మ అంటే ఇదే కాబోలు.

మాది తాండూరు. ఉద్యోగం హైదరాబాద్‌లో. వీకెండ్ వస్తే వికారాబాద్ మీదుగా ఇంటికి. ఆ రోడ్డు తెలిసినవాళ్లకి కొత్తగా చెప్పేదేం లేదు. సిమెంట్ లారీలు, నాపరాళ్ల లోడ్లు, గుంతలు, అన్నిటి మీదా సన్నటి రాతి దుమ్ము. అమ్మని వికారాబాద్‌లో డాక్టర్‌కి చూపించాలంటే నాన్నే కారులో అనంతగిరి మలుపులు దాటించి తీసుకెళ్తాడు.

ఒకరోజు నాన్న ఫోన్. "డ్యాష్‌బోర్డు మీద ఏదో పసుప్పచ్చ లైట్ వచ్చిందిరా. ఏబీఎస్ అని ఉంది. పక్కన కారు జారుతున్నట్టు ఇంకో బొమ్మ. బండి ఆపి మళ్ల స్టార్ట్ చేస్తే పోయింది."

"పోయింది కదా, ఇంకేంది?" అన్నా. ఇంజినీరింగ్ చదివిన కొడుకు ఇచ్చిన సలహా అది.

అసలు ఆ రెండు లైట్లు జంటగా ఎందుకొస్తాయంటే, రెండింటికీ ఆధారం ఒకటే. ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సర్ ఉంటుంది, ఆ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పడానికి. గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు ఏదైనా చక్రం బిగుసుకుపోతే, ఏబీఎస్ ఆ చక్రానికి బ్రేక్ వదిలి, పట్టి, మళ్లీ వదిలి, సెకనుకి చాలాసార్లు ఆడిస్తుంది. అందుకే బ్రేక్ మీద కాలున్నా స్టీరింగ్ మాట వింటుంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకి ఇది తప్పనిసరి. ఒక్క సెన్సర్ కబురు ఆగినా కంప్యూటర్ "నాకు నమ్మకం లేదు" అని ఏబీఎస్‌ని పక్కన పెట్టేసి లైట్ వెలిగిస్తుంది. మామూలు బ్రేకులు పనిచేస్తాయి. తడి రోడ్డు మీద చక్రం బిగుసుకుంటే మాత్రం కారు ఎటు తిప్పినా నేరుగానే పోతుంది.

సర్వీస్ సెంటర్‌లో రోజంతా ఉంచుకున్నారు. సాయంత్రం తాళం చేతిలో పెట్టి, "లైట్ రాలేదు కదా సార్! ఉన్న కోడ్‌లు క్లియర్ చేసేశాం" అన్నారు. నాకు నోట మాట రాలేదు. బగ్ దొరకలేదని లాగ్ ఫైల్ డిలీట్ చేసినట్టన్నమాట! తప్పు ఏ సెన్సర్‌దో చెప్పే ఒకే ఒక్క ఆధారం అది.

సరే, నేనే చూస్తానని ఆన్‌లైన్‌లో ఒక చిన్న బ్లూటూత్ ఓబీడీ ముక్క కొన్నా. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో పెట్టి, ఫోన్‌లో యాప్ తెరిస్తే పచ్చటి టిక్కు. తప్పులేమీ లేవట. నాన్నకి స్క్రీన్‌షాట్ పంపా. ఇక్కడే రెండోసారి పప్పులో కాలేశా. ఆ చవక ముక్కలు చాలావరకు ఇంజన్ కోడ్‌లు మాత్రమే చదువుతాయి. వాటిలో పేరు 'పి' అక్షరంతో మొదలవుతుంది. ఏబీఎస్‌వి 'సి'తో మొదలవుతాయి, అవి వేరే కంప్యూటర్‌లో ఉంటాయి. నేను అడగని ప్రశ్నకి యాప్ జవాబివ్వలేదు, అంతే.

తర్వాతి వారం వానలో అనంతగిరి దిగుతుంటే బర్రెలు అడ్డం వచ్చాయి. నాన్న బ్రేక్ కొట్టాడు. స్టీరింగ్ తిప్పినా కారు తిరగలేదు. రోడ్డు అంచు దాటి, మట్టిలో ఆగింది. ఎవరికీ ఏం కాలేదు. అమ్మ ఈ సంగతి నాకు రెండు రోజులు చెప్పలేదు. చెప్పినప్పుడు కూడా, "నువ్వు బాగనే ఉందన్నవ్ కదా బిడ్డా" అంది. అందులో నిష్ఠూరం కూడా లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

అప్పుడు బుద్ధిగా మా పనిలో చేసేదే చేశా. ఎప్పుడు వస్తోందో రాసుకోమని నాన్నకి చెప్పా. నాన్న పాకెట్ బుక్కులో రాశాడు: గుంత, ఎడమ చక్రం. మళ్లీ గుంత. కుడివైపు మలుపు. నున్నటి రోడ్డు మీద ఒక్కసారీ లేదు.

ఆ బుక్కు పట్టుకుని తాండూరులోనే ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయాం. ఆయన స్కానర్ పెట్టకముందే అడిగిన మాట, "ఎప్పుడొస్తది బేటా?" ఇన్నాళ్లలో ఆ ప్రశ్న అడిగినవాడు ఆయనొక్కడే. ఏబీఎస్ చదివే స్కానర్ పెడితే ముందు ఎడమ చక్రం పేరు చెప్పింది. జాకీ ఎత్తి, చక్రం చేత్తో తిప్పిస్తూ, సెన్సర్ వైరుని అటూ ఇటూ వంచాడు. స్క్రీన్ మీద వేగం ఉన్నట్టుండి సున్నా అయింది. వదిలేస్తే మళ్లీ వచ్చింది. పైన రబ్బరు చెక్కుచెదరలేదు, లోపల రాగి తీగ తెగింది. చక్రం గుంతలో దిగినప్పుడల్లా విడిపోతోంది, లేచాక మళ్లీ అతుక్కుంటోంది. సర్వీస్ సెంటర్‌లో నిలబెట్టిన కారుకి లైట్ ఎందుకొస్తుంది చెప్పండి?

ఇంజన్ లైట్ కథ కొంచెం వేరు. చాలా లోపాలకి అది మొదటిసారే వెలగదు, వరసగా రెండో ప్రయాణంలో కూడా అదే తప్పు కనబడితేనే వెలుగుతుంది. ఆ తర్వాత మూడు ప్రయాణాలు సాఫీగా సాగితే తనే ఆరిపోతుంది. కోడ్ మాత్రం లోపల ఇంకొన్నాళ్లు ఉంటుంది, ఎవరూ తుడిచేయకపోతే. అదే లైట్ మిణుకుమిణుకుమంటుంటే మాత్రం నెమ్మదించి ఆపేయండి, ఇంజన్ సరిగా మండటం లేదని అర్థం. ఎర్ర లైట్ ఏదైనా సరే ఆగాల్సిందే. పొద్దున్నే స్టార్ట్ చేయగానే సంబంధం లేని నాలుగైదు లైట్లు కలిసి వస్తే, ముందు బ్యాటరీ చూపించండి. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లు తాళం తిప్పగానే ఏబీఎస్ లైట్ ఒక్క క్షణం వెలుగుతోందో లేదో చూడండి. అసలే వెలగకపోతే ఎవరో ఆ లైట్ నోరు మూయించారేమో అడగండి.

సెన్సర్, వైరు కలిపి కొత్తది వేయించాం. వైరుని గుంత దెబ్బ తగలకుండా క్లిప్పు పెట్టి కట్టాడాయన. నాన్న మాత్రం పాకెట్ బుక్కు మానలేదు. ప్రతిసారీ వికారాబాద్ చేరాక వాట్సాప్‌లో ఒకటే మెసేజ్: "లైట్ రాలె."