వాలే కిటికీ – వాడే తీరు

భూపాలపల్లి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్లాయన సింగరేణిలో పని చేస్తారు. రాత్రి షిఫ్టు దిగి వచ్చి పగలు పడుకుంటారు. కిటికీ తెరిస్తే లారీల దుమ్ము, చప్పుడు. మూస్తే పోపు ఘాటుకి అత్తగారికి ఒకటే దగ్గు. ఇప్పుడు పై అంతస్తు కడుతున్నారు. మేస్త్రీ స్లైడింగ్ కిటికీలు పెడదామంటున్నాడట. హైదరాబాదులో ఉండే తమ్ముడేమో "టిల్ట్ అండ్ టర్న్ పెట్టించుకో అక్కా" అంటున్నాడట. "అప్పు చేసి కడుతున్న ఇల్లు. రెండోసారి మార్చుకునే స్తోమత లేదు. ఏది మంచిదో చెప్పండి" అని అడిగారు.

2016 అక్టోబరులో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా కేంద్రాలయ్యాయి. అక్కడ కొత్తగా ఇల్లు కట్టుకునే చాలామందికి ఇదే సందేహం వస్తుంది. అందుకే ఈ వారం కిటికీ గురించి మాట్లాడుకుందాం.

మన పాత పెంకుటిళ్లలో నాలుగు రెక్కల కిటికీలు గుర్తున్నాయా? కింది రెక్కలు రెండూ మూసి, పై రెక్కలు తెరిచి పెట్టేవారు. దారిన పోయేవాళ్లకి ఇల్లు కనపడదు. లోపలి వేడిగాలి మాత్రం పైనుంచి పోతుంది. జర్మనీలో ఇంటింటా కనిపించే ఈ టిల్ట్ అండ్ టర్న్ కిటికీ, అదే పనిని ఒక్క రెక్కతో చేస్తుంది. అంతే తేడా!

దీనికి ఒకటే పిడి. పిడి కిందికి ఉంటే కిటికీ మూసినట్టు. అడ్డంగా తిప్పితే రెక్క తలుపులా లోపలికి పూర్తిగా తెరుచుకుంటుంది. పైకి తిప్పితే రెక్క అడుగుభాగం కదలదు, పైభాగం మాత్రం నాలుగైదు అంగుళాలు లోపలికి వాలి ఆగుతుంది. రెక్క అంచుల్లో దాగి ఉన్న ఇనుప పట్టీలు పిడితో పాటు జరిగి, ఒకసారి పక్క బందుల్నీ, ఒకసారి కింది బందుల్నీ పట్టుకుంటాయి. కొన్ని రకాల్లో వాలడం ముందు, తెరవడం తర్వాత వస్తుంది. కొనేటప్పుడే తిప్పి చూసుకోండి.

ఒక్క జాగ్రత్త మరవకండి. రెక్క తెరిచి ఉండగా పిడి తిప్పకూడదు. మూసి, గట్టిగా నొక్కి పట్టి, అప్పుడే తిప్పాలి. లేకపోతే రెక్క ఒక మూల మీద వేలాడి, గుండె ఝల్లుమంటుంది. పిల్లలున్న ఇంట్లో తాళం ఉండే పిడి అడగండి.

ఇక లాభాలు. మూసినప్పుడు రెక్క చుట్టూ రబ్బరు అంచు బిగుసుకుంటుంది కాబట్టి దుమ్ము, చప్పుడు బాగా తగ్గుతాయి. స్లైడింగ్ కిటికీలో రెండు పలకలుంటే సగమే తెరుచుకుంటుంది, కింది గాడిలో దుమ్ము పేరుకుంటుంది. ఇది పూర్తిగా తెరుచుకుంటుంది. బయటి అద్దాన్ని కూడా గదిలో నిలబడే తుడుచుకోవచ్చు, మేడ మీద ఇళ్లకి ఇదెంత సుఖమో! లోపలికి తెరుచుకుంటుంది కనుక బయట గ్రిల్‌కీ, దోమల జాలీకీ అడ్డు లేదు. చినుకులు పడుతున్నా వాల్చి ఉంచుకోవచ్చు. కానీ 2024 సెప్టెంబరు 1న మానుకోటని ముంచెత్తినలాంటి వాన వస్తే మాత్రం మూయాల్సిందే.

చిక్కులూ చెప్పాలి కదా. ఖరీదు స్లైడింగ్ కంటే ఎక్కువ. కిటికీ ముందు మంచం, కర్టెన్, గట్టు మీద డబ్బాలు ఉంటే రెక్క తెరుచుకోదు. మన వంటిళ్లలో కిటికీ కిందే సింకు, దాని మీద పొడుగాటి కుళాయి! రెక్క పోయి దానికే కొట్టుకుంటుంది. ముందే టేపు పెట్టి కొలిపించండి. వాల్చిన కిటికీ దొంగకి అడ్డం కాదు, గ్రిల్ మానకండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. వంటగ్యాసు గాలి కంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది. వాసన వస్తే "పైన వాల్చే ఉందిగా" అని ఊరుకోకండి. స్విచ్చులు ముట్టకుండా రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలూ తలుపులూ బార్లా తెరిచి బయటికి వచ్చేయండి. అప్పుడు 1906కి ఫోన్ చేయండి.

ఇక ఆ సోదరికి నా సలహా. ఇల్లంతా ఇవే పెట్టించి అప్పు పెంచుకోకండి. మీవారు పడుకునే గదికి ఒకటి, కుళాయి అడ్డు రాకపోతే వంటింటికి ఒకటి చాలు. మిగతా గదులకి మామూలు రెక్కల కిటికీలే మేలు. అదీ భారమనిపిస్తే, వడ్రంగి చేత వంటింటికి నాలుగు రెక్కల కిటికీ చేయించుకోండి, అమ్మమ్మల తెలివి ఎక్కడికీ పోలేదు.

ఏ కిటికీ అయినా తెరిచే వేళ తెలియాలి. వాలిస్తే గాలి వస్తుంది, దానితో దుమ్మూ వస్తుంది. లారీలు తిరిగే వేళ, మే నెల మిట్టమధ్యాహ్నం మూసి ఉంచండి. తెల్లవారుజామున ఎదురెదురు కిటికీలు పది నిమిషాలు బార్లా తెరవండి. పోపు పెట్టేటప్పుడు వంటింటిది తెరిచి, అత్తగారి గది తలుపు దగ్గరగా వేయండి. దగ్గు అప్పటికీ తగ్గకపోతే కిటికీని నమ్ముకోక డాక్టరుకి చూపించండి.

ఏడాదికి రెండుసార్లు బందుల్లో ఒక చుక్క మిషను నూనె వేసి, ఫ్రేము అడుగున నీళ్లు పోయే రంధ్రాల్లో మట్టి తీసేస్తే, ఈ కిటికీ మొరాయించకుండా చాలాకాలం పని చేస్తుంది.