బల్ల మీద తెల్లగుడ్డ, తలుపు వెనక ఎవరు?

పెద్దోళ్ళు తింటే సంస్కృతి, పేదోళ్ళు తింటే కంపు! ఈ నీతి మన పల్లెల్లో తరతరాలుగా చూస్తున్నదే. దీని గుట్టు పూర్తిగా బయటపడాలంటే మాత్రం పారిస్ నగరంలోని పెద్ద భోజనశాలల్లోకి ఒకసారి తొంగిచూడాలి.

2010లో యునెస్కో సంస్థ ఫ్రెంచివాళ్ళ విందు భోజనాన్ని మానవజాతి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. ఏ విందు అది? పుట్టినరోజుకో, పెళ్ళికో నలుగురూ కూడి తినే విందు. ముందు ఆకలి రేపే పానీయం. తర్వాత తక్కువలో తక్కువ నాలుగు వడ్డనలు: మొదటి పళ్ళెం, చేపో మాంసమో కూరగాయలతో, ఆ పైన చీజు, ఆఖర్న తీపి. చివర్లో మళ్ళీ ఒక గుక్క మద్యం. బాగుంది. నలుగురూ కలిసి తినడాన్ని గౌరవిస్తే మనకెందుకు కోపం? సహపంక్తి భోజనం కోసం దెబ్బలు తిన్నవాళ్ళం మనం!

అయితే ఆ విందునే పారిస్‌లో పేరుమోసిన హోటల్లో తినాలంటే, మనిషికి 400 యూరోలు దాటే చోట్లున్నాయి. ఫ్రాన్సులో చట్టం చెప్పే కనీస కూలి గంటకు సుమారు 12 యూరోలు. అంటే ఒక్క మనిషి ఒక్క పూట భోజనం, గిన్నెలు తోమే కూలోడికి 33 గంటల చాకిరీ. అక్కడ వారానికి పని 35 గంటలు. లెక్క మీరే వేసుకోండి. ఇంకో తమాషా ఉంది. పాతకాలం పెద్ద హోటళ్ళు కొన్నింటిలో విందు ఇచ్చే మగాడి చేతికి ధరలున్న కార్డు, ఎదురుగా కూర్చున్న ఆడమనిషికి ధరల్లేని కార్డు ఇచ్చేవాళ్ళు. తినే మనిషికి ఖరీదు తెలియకూడదట! ధరే దాచినవాళ్ళు, చెమటను దాచకుండా ఉంటారా?

ఇప్పుడు ఆ పళ్ళెంలో ఏముందో చూద్దాం. కాన్ పట్నం పేరున్న వంటకం ఒకటుంది. ఎద్దు కడుపులోని నాలుగు అరలనీ, గిట్టల కాళ్ళనీ ఆపిల్ సారాయి పోసి గంటల తరబడి మగ్గబెడతారు. మన భాషలో చెప్పాలంటే బోటి కూర, కాళ్ళ పాయ! పంది నెత్తురుతో చేసిన నల్ల పేగుకూర ఒకటి. కాల్చిన మూలుగ బొక్క ఒకటి. లేత దూడ గొంతు దగ్గరి గ్రంథి ఇంకొకటి, అది మహా ఖరీదు. ఇక దూడ తలకాయ కూర. దాని కథ వినాలి. 1793 జనవరి 21న రాజు 16వ లూయీ తల గిలెటిన్ కింద తెగింది. రాచరికం గిట్టని ఫ్రెంచివాళ్ళు కొందరు ఇప్పటికీ ఏటా ఆ రోజున కూడి దూడ తలకాయ తింటారు. పండగంటే అదీ!

బోటి, నెత్తురు, తలకాయ, బొక్క. ఇవన్నీ మన గూడేల కూరలే కాదూ? ఇవి తిన్నందుకే కదా మనల్ని ఊరికి దూరంగా ఉంచింది? పెద్దకూర వండుకుంటే అద్దెకు ఇల్లు ఇవ్వనిదీ, పక్కన కూర్చోబెట్టనిదీ ఇందుకే కదా? అదే కూర తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద, వెండి చెంచా పక్కన కనిపిస్తే అది ‘కళ’! కూర మారలేదు. తినేవాడు మారాడు. మైల కూరలో లేదు, చూసే కంట్లో ఉంది.

అసలు ‘రెస్టారెంటు’ అన్న మాటే ఎక్కడ పుట్టిందో తెలుసా? 18వ శతాబ్దపు పారిస్‌లో ఆ మాటకు అర్థం, ఒంట్లో సత్తువ నిలిపే చారు. మాంసం, బొక్కలు మరగబెట్టిన చారు! నీరసించినవాళ్ళ కోసం దాన్ని అమ్మే కొట్లకే తర్వాత ఆ పేరు స్థిరపడింది. బొక్కల చారు పేరు పెట్టుకుని మన బొక్కల చారును చూసి ముక్కు మూసుకోవడం ఏం న్యాయం?

పోనీ ఈ గొప్ప వంటను కట్టినవాళ్ళు ఎవరు? రాజులా? కాదు. రాజుల వంటవాడని పేరుపడ్డ కరేమ్‌ను చిన్నతనంలోనే పేదతల్లిదండ్రులు వీధిలో వదిలేశారు. 1903లో ఈ వంటకంతా పెద్దగ్రంథం రాసిన ఎస్కోఫియే ఒక కమ్మరి కొడుకు. 13 ఏళ్ళకే వంటింట్లో చాకిరీకి కుదిరాడు. మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ కమ్మరి కొడుకు వంటింటిని ఎలా సర్దాడు? పటాలం లెక్కన! పైన పెద్ద వంటవాడు, కింద ఉపనాయకుడు, ఆ కింద పులుసుకొకడు, వేపుడుకొకడు, ఆ కింద నేర్చుకునే కుర్రాళ్ళు, అందరికన్నా అడుగున గిన్నెలు తోమేవాడు. ఆర్వెల్ అనే ఇంగ్లీషు రచయిత పారిస్‌లో స్వయంగా ఆ తోమే పని చేశాడు. 1933లో అచ్చయిన తన పుస్తకంలో తలుపుకు ఇవతల తళతళ, అవతల మురికి, ఉక్క, తిట్లు ఎలా ఉంటాయో రాశాడు. మధ్యనున్నది ఒక్క తలుపే.

1867 జూన్ 7న పారిస్‌లోని ఒక హోటల్లో రష్యా చక్రవర్తి, ప్రష్యా రాజు విల్హెల్మ్ కలిసి గంటల తరబడి విందారగించారు. చరిత్రలో అది ‘చక్రవర్తుల విందు’. మూడేళ్ళు తిరిగాయి. అదే విల్హెల్మ్ సైన్యం 1870లో పారిస్‌ను చుట్టుముట్టింది. పేదలు ఎలుకల్నీ పిల్లుల్నీ తిన్నారు. ఆ క్రిస్మస్‌కు డబ్బున్నోళ్ళు మాత్రం జంతుప్రదర్శనశాల ఏనుగు చారు తాగారు! ఆకలిలో కూడా రెండు బల్లలే.

ఈ బల్లకు మన పొలం గట్టుకూ లంకె ఉంది. ఫ్రెంచివాళ్ళు కప్పకాళ్ళు ఇష్టంగా తింటారు. ఒకప్పుడు మన దేశపు వరిమళ్ళ కప్పలే కాళ్ళు కోయించుకుని, ఐసులో గడ్డకట్టి యూరపుకు పోయేవి. కప్పలు తగ్గితే చేలల్లో పురుగు పెరుగుతుందని గొడవయింది. 1987లో ప్రభుత్వం ఎగుమతి నిషేధించింది. అక్కడ విందు ఆగిందా? లేదు. ఇప్పుడు ఎక్కువగా ఇండోనేషియా కప్పలు పోతున్నాయి. బల్ల అదే, మడి మారింది.

ఇక తలుపు వెనక మనుషులు. పారిస్ వంటిళ్ళలో మాలి, సెనెగల్ దేశాల నల్లవాళ్ళు, శ్రీలంక తమిళులు ఎంతమందో. చాలామందికి కాగితాల్లేవు. జీతం చీటీ ఉంది, పన్ను కోత ఉంది, దేశంలో ఉండే హక్కు మాత్రం లేదు! వీళ్ళు ఏం చేశారో వినండి. 2008 ఫిబ్రవరిలో విజయతోరణం దగ్గరున్న ఒక పేరున్న రెస్టారెంటులో వంటవాళ్ళు పని ఆపి అక్కడే బైఠాయించారు. సీజీటీ కార్మిక సంఘం పక్కన నిలబడింది. వాళ్ళలో చాలామందికి కాగితాలొచ్చాయి. ఏప్రిల్‌లో అది నగరమంతా పాకింది. 2009 చివర్లో వేలమంది సమ్మెకట్టారు. పొయ్యి ఆరితే గానీ పొయ్యి దగ్గర మనిషి ఉన్నాడని ఆ దొరలకు తెలియలేదు!

‘సంపాదించుకున్నారు, ఏడాదికోసారి తింటున్నారు, మీకెందుకయ్యా కడుపుమంట?’ అని అడిగేవాళ్ళుంటారు. అయ్యా, తినొద్దని ఎవరన్నారు? పేదోడికి కూడా పెళ్ళిరోజు ఉంది, మంచి ముద్ద మీద ఆశ ఉంది. మా తగాదా ముద్దతో కాదు. వండినోడిని తలుపు వెనక దాచి, తిన్నోడికే రుచి తెలుసనే అబద్ధంతో.

అంబేద్కర్ బాబాసాహెబ్ అధ్యక్షతన తయారైన రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో భాగం చదవండి. దుకాణాలతో పాటు రెస్టారెంట్లూ, హోటళ్ళూ పేరుపెట్టి మరీ ఉన్నాయి. కులం పేరున అక్కడికి ఎవరినీ రానివ్వకుండా ఆపరాదు. హోటల్ గుమ్మం రాజ్యాంగానికి ఎక్కిందంటే, ఆ గుమ్మం దగ్గర ఎన్ని అవమానాలు జరిగుంటాయి! ముందు గుమ్మం కోసం కొట్లాడాం. ఇక వెనక గుమ్మం సంగతి చూడాలి.

సంఘం కార్యకర్తలారా! మీ మండలంలో ఫంక్షన్ హాళ్ళున్నాయి, ధాబాలున్నాయి. పెళ్ళి భోజనం ఎన్ని రకాలో అందరూ లెక్కపెడతారు. మీరు వెనక్కి వెళ్ళి గిన్నెలు తోమే ఆడవాళ్ళని లెక్కపెట్టండి. ఏ పేటవాళ్ళో అడగండి. రిజిస్టరులో పేరుందా, చీటీ ఇస్తున్నారా, రాత్రి రెండింటికి ఇంటికి ఎలా పోతున్నారో రాసుకోండి. పారిస్ కూలీలను గెలిపించినవి రెండే: చేతిలో జీతం చీటీ, పక్కన సంఘం. ఆ రెండూ మన అక్కచెల్లెళ్ళకు దక్కాలి.

మన బోటి కూరకు యునెస్కో ముద్ర అక్కర్లేదు. వండిన చేతికి కూలి, తిన్న మనిషికి గౌరవం. ముందు అవి వడ్డించండి!