సంతకము పెట్టు చెయ్యి



పదునెనిమిదేండ్లు నిండని నీ కుమార్తె గర్భవతియైనదనుకొనుము. “మా యింట అట్లు జరుగదు” అని ముఖము త్రిప్పుకొనకుము. జరిగిన యిండ్లవారును నిన్నటివరకు ఆ మాటయే అనిరి.

1971వ సంవత్సరపు గర్భవిచ్ఛిత్తి చట్టము ప్రకారము వయస్సు వచ్చిన స్త్రీకి ఆమె సమ్మతియే చాలును. భర్త సంతకమైనను అక్కరలేదు. బాలిక విషయములోనైతే సంరక్షకుని వ్రాతపూర్వకమైన సమ్మతి కావలెను. సంరక్షకుడనగా ఎవడు? బాలిక ఆలన పాలన చూచువాడని ఆ చట్టమే చెప్పుచున్నది. చదువరీ, నీవు ఆ ఆలన చూచితివా? లేక సంతకమునాడు మాత్రమే తండ్రివగుదువా?

“చట్టము మనకు అధికారమిచ్చెను” అని మనలో కొందరు సంతోషించుచున్నారు. నేను సంతోషింపలేను. తండ్రి చెయ్యి దెబ్బకే లేచు ఇంటిలో బిడ్డ సంతకమడుగ సాహసించునా? నెలలు దాచును, నాటుమందు మ్రింగును, హిందూపురములో రైలెక్కి ఎవరునెరుగని బెంగుళూరు చేరును. ఆ తప్పు చట్టముది కాదు, మనది.

మరికొందరు పరువు కొరకు బిడ్డనడుగకయే సంతకము పెట్టుదురు. లేదా తొందరపడి పెండ్లి చేయుదురు. బాల్యవివాహము 2006వ సంవత్సరపు చట్టమును బట్టి నేరము. బిడ్డ మాట వినకుండుటయు తగదు. సంరక్షకుని అభిప్రాయము వేరు, బాలిక అభిప్రాయము వేరు అయినయెడల ఆమె మాటను ముఖ్యముగా ఎంచవలెనని 2024లో సుప్రీంకోర్టు చెప్పెను. న్యాయస్థానము విన్నది, తండ్రి వినడా?

“పోలీసులవలన పేరు బయటపడును” అందువా? 2012వ సంవత్సరపు పోక్సో చట్టము ప్రకారము వైద్యుడు పోలీసులకు తెలుపవలసినదే. అయితే బాలికయు సంరక్షకుడును కోరినయెడల ఆమె పేరు తెలుపనక్కరలేదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పిచ్చెను. కాబట్టి పరువు పేరిట ఆమెను మంత్రసానుల చేతికప్పగింపకుము.

2 సమూయేలు 13వ అధ్యాయము తీసి చూడుము. తామారుకు జరిగినది విని దావీదు మిగుల కోపించెను. కుమార్తె యొద్దకు వెళ్లెనని మాత్రము అందులో లేదు. అన్న ఆమెను ఊరకుండుమనెను. రెండేండ్లకు ఆ యింట నెత్తురు పారెను. తండ్రి కోపము ఆ బిడ్డ కన్నీటిని తుడువలేదు.

గర్భములోని ప్రాణము దేవునిదని మన సంఘము బోధించును, నేనును నమ్ముచున్నాను. అయితే ఆ గర్భమును మోయు బాలికయు దేవునిదే. ఒక ప్రాణమును ఘనపరచుచున్నామని మరియొక ప్రాణమును వెలివేయువారు ఎవరి సువార్తను ప్రకటించుచున్నారు?

ధర్మవరపు మగ్గము మీద పట్టుపోగు తెగినయెడల నేతగాడు చీరను చింపివేయడు. తెగిన చోటు వెదకి అతుకును. పెనుకొండలోనైనను, మరి ఏ పల్లెలోనైనను, మన బిడ్డ ఒక చీరపాటి చేయదా?

కాపరులారా, స్త్రీల సమాజపు తల్లులారా, అట్టి బిడ్డ గుడి మెట్లెక్కినప్పుడు గుసగుసలాడు నోళ్లను ముందుగా మూయించుడి.

చదువరీ, కాగితము నీ యెదుటికి వచ్చువరకు ఆగకుము. ఈ రాత్రి ప్రార్థన ముగిసిన తరువాత నీ కుమార్తెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, “అమ్మా, ఏమి జరిగినను మొదట నా యొద్దకే రమ్ము, నేను కొట్టను” అని చెప్పుము. చెప్పిన మాట నిలుపుకొనుము. తప్పిపోయి వచ్చిన కుమారుని కొరకు పరుగెత్తిన తండ్రిని మనకు చూపిన ప్రభువు నీకు ఆ కాళ్లను, ఆ హృదయమును దయచేయును గాక. ఆమేన్.