పిల్లల మాట అర్థమైతే చాలు, అదే భాషలో మాట్లాడక్కర్లేదు



మా అమ్మాయి కిందటి ఏడాది పదో తరగతి. ఒకరోజు స్కూలు నుంచి వచ్చి బ్యాగు సోఫాలో పడేసి, "అమ్మా, ఐయామ్ కుక్డ్" అంది. నవ్వుతూనే అంది. నేను వంటింట్లోంచి, "కుక్కర్ ఇక్కడుంటే నువ్వక్కడ ఉడికావా?" అని జోకు వేశాను. మర్నాడూ అదే మాట, ఆ తర్వాతి రోజూ అదే. వారం తర్వాత మ్యాథ్స్ టీచర్ ఫోన్ చేశారు. ట్రిగనామెట్రీ మొదలైన దగ్గర్నుంచి ఒక్క అసైన్‌మెంటూ ఇవ్వలేదట. "ముందే ఎందుకు చెప్పలేదు?" అని గట్టిగా అడిగాను. "మూడు రోజులు చెప్పానమ్మా, నువ్వే నవ్వేశావు" అంది.

'కుక్డ్' అంటే 'నా పని అయిపోయింది' అని అర్థం. నేను చిన్న తరగతులకు తెలుగు చెప్పే టీచర్ని. అయినా నా కూతురి మాట నాకు తెలియలేదు.

అప్పటినుంచి ఈ మాటలు కొన్ని నేర్చుకున్నాను. 'క్యాప్' అంటే అబద్ధం, 'నో క్యాప్' అంటే ఒట్టు, నిజం. 'మిడ్' అంటే అంతంతమాత్రం. 'డెలూలు' అంటే జరగనిదాన్ని జరుగుతుందని గట్టిగా నమ్ముకోవడం. 'రిజ్' అంటే ఎదుటివాళ్లను ఆకట్టుకునే నేర్పు. దీన్ని ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2023 సంవత్సరపు పదంగా ఎంచుకున్నారు. ఇక 2025లో డిక్షనరీ డాట్ కామ్ ఎంచుకున్నది 'సిక్స్ సెవెన్'. దానికి ఇదీ అని ఒక అర్థం లేదు. ఒకరు అంటే పక్కవాడు నవ్వాలి, అంతే.

"ఈ పిచ్చి మాటలు మేం కూడా నేర్చుకోవాలా?" అని మీరు అడగొచ్చు. మన చిన్నప్పుడు పెద్దవాళ్లకు అర్థం కాకుండా 'క' భాష మాట్లాడుకోలేదా? 'నువ్వు రా' అనడానికి 'కను కవ్వు కరా' అని! కాలేజీకొచ్చాక 'కేక', 'లైట్ తీస్కో', 'అంత సీన్ లేదు' అన్నప్పుడు మన నాన్నలు మొహం చిట్లించలేదా? అంతకుముందు 1957లోనే 'మాయాబజార్' కోసం పింగళి నాగేంద్రరావు 'తసమదీయులు', 'గింబళి' అని మాటలు పుట్టిస్తే ఊళ్లన్నీ నవ్వుకుంటూ వాడుకున్నాయి. ఆ మాటల వల్ల మన తెలుగు చెడిపోలేదు. పిల్లలు కూడా పరీక్ష పేపర్లో ఏ భాష రాయాలో, స్నేహితుడితో ఏ భాష మాట్లాడాలో చక్కగా తేడా తెలిసినవాళ్లే.

నేర్చుకున్నాం కదా అని మనమూ అలాగే మాట్లాడితే మాత్రం బెడిసికొడుతుంది. నేను ఓసారి మా అమ్మాయి స్నేహితురాళ్ల ముందు "ఈ పులిహోర మిడ్ కాదు, నో క్యాప్" అన్నాను. వాళ్లు మర్యాదకి నవ్వారు. మా అమ్మాయి మాత్రం రెండ్రోజులు స్నేహితుల్ని ఇంటికి తీసుకురాలేదు. అది వాళ్లు తమకోసం కట్టుకున్న చిన్న గది. తలుపు తట్టి పలకరించొచ్చు గానీ, లోపలికెళ్లి మంచమేసుకుని పడుకోకూడదు.

అలాగే, ఫోన్లో చాట్లు దొంగతనంగా చదవడానికి ఈ మాటలు నేర్చుకోవద్దని నా మనవి. ఆ సంగతి పిల్లలకు తెలిసిన రోజున కొత్త మాటలు పుడతాయి. మీతో మాటలు తగ్గుతాయి.

నేర్చుకోవాల్సింది వినడానికి. 'ఎన్‌పీసీ' అనే మాట ఉంది. వీడియో గేముల్లో ఆడేవాళ్ల చేతిలో లేకుండా, వెనకాల ఊరికే తిరిగే పాత్రని అలా అంటారు. క్లాసులో ఒకరిని పట్టుకుని రోజూ అలా పిలుస్తుంటే 'నువ్వు లెక్కలోకి రావు' అన్నట్టే. మీ అబ్బాయి "నన్ను ఎన్‌పీసీ అంటున్నారు" అని చెబితే, అది గేమ్ గురించి అనుకుని వదిలేయకండి. మీ అబ్బాయే ఇంకొకర్ని అలా అంటుంటే, అదీ వదిలేయకండి.

నవ్వుతూ అన్న ప్రతి మాటా నవ్వులాటే కానక్కర్లేదు. కష్టాన్ని సూటిగా చెప్పుకోలేని వయసిది. జోకులా చెబితే అమ్మానాన్నలు కోప్పడరని పిల్లల నమ్మకం. ఒకే మాట పదేపదే వస్తోందా, దాంతోపాటు తిండి, నిద్ర తగ్గుతున్నాయా, స్నేహితులకు దూరంగా ఉంటున్నారా అని గమనించండి. అనుమానం వస్తే పేరెంట్ టీచర్ మీటింగ్ దాకా ఆగకండి, క్లాస్ టీచర్‌కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈ ఆదివారం భోజనాల దగ్గర మీ పిల్లల్ని ఒక్క మాట నేర్పమని అడగండి. "అంటే ఏంట్రా? ఎప్పుడు వాడతారు?" అని అడిగి ఊరుకోండి. మార్కుల ఊసెత్తకండి, నీతులు చెప్పకండి. మనకు నేర్పే అవకాశం పిల్లలకు ఎప్పుడో గానీ రాదు, సంబరంగా చెబుతారు. మీ చిన్నప్పటి మాట ఒకటి మీరూ నేర్పండి. 'క' భాష మా ఇంట్లో ఇప్పుడు బాగా నడుస్తోంది.

మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్ ఫస్టియర్. పోయిన నెల మళ్లీ వచ్చి బ్యాగు పడేసి, "అమ్మా, కుక్డ్" అంది. నేను స్టవ్ కట్టేసి వచ్చి పక్కన కూర్చుని, "ఏ సబ్జెక్టమ్మా?" అన్నాను.

"ఫిజిక్స్" అంది. ఈసారి నవ్వలేదు. గంటసేపు మాట్లాడింది.