కర్నూలులో ఉల్లి ధర పడిపోయినా మన మెస్ ఖర్చు ఎందుకు తగ్గదు?

2025 సెప్టెంబర్‌లో కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి ధర క్వింటాలుకు కొన్ని వందల రూపాయలకు పడిపోయింది. రాష్ట్ర ప్రభుత్వం క్వింటాలుకు రూ.1,200 ధర ప్రకటించి కొనాల్సి వచ్చింది. అదీ చాలక హెక్టారుకు రూ.50,000 సాయం ప్రకటించింది. ఇంటి నుంచి ఫోన్ వస్తే "ఉల్లిగడ్డను అడిగేటోడే లేడు" అన్న మాటే. గల్ఫ్‌లో మెస్ సరుకులు తెచ్చే అన్నకు మాత్రం ఆ తేడా కనపడదు. ఉల్లి పొడి, వేయించిన ఉల్లి ప్యాకెట్, టమాటా పేస్ట్ డబ్బా, అల్లం వెల్లుల్లి పేస్ట్... బిల్లు చూస్తే అంతే. "అక్కడ పారబోసే రేటు, ఇక్కడ ఈ రేటా? బకాలావాడు దోచుకుంటున్నాడు" అని రూముల్లో అనుకోవడం మామూలే.

బకాలావాడి లాభం ఉండదని మేం అనడం లేదు. కానీ పచ్చి కూరగాయ ధర వేరు, దాన్ని ఎండబెట్టి, ఉడికించి, డబ్బాలో పెట్టిన సరుకు ధర వేరు. ఈ రెండో ధరను నడిపించేవి చాలావరకు పొలానికి బయట ఉన్నాయి. ఇది తెలుసుకోవాల్సిన అవసరం ఎందుకంటే, మనకు వచ్చే ఫుడ్ అలవెన్స్ ఏళ్ల తరబడి ఒకే చోట నిలబడి ఉంటుంది. డబ్బా ధర నిలబడదు.

ఎండు ఉల్లి మన ఊరి ఉల్లి కాదు

ఇండియా నుంచి వచ్చే ఎండు ఉల్లి ముక్కలు, పొడి ఎక్కువగా గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లా మహువా చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో తయారవుతాయి. అక్కడ వాడేది ముఖ్యంగా తెల్ల ఉల్లి. అందులో నీటి శాతం తక్కువ. కర్నూలు ఖరీఫ్ ఉల్లిలో నీరు ఎక్కువ, కొన్ని వారాలు కూడా నిల్వ ఉండదు. ఎండబెట్టే ఫ్యాక్టరీకి అది గిట్టుబాటు కాదు. అందుకే కర్నూలు యార్డులో ధర ఎంత పడినా మహువా పొడి ధరకు దానితో పెద్దగా సంబంధం లేదు.

కిలో ఎండు ఉల్లి కావాలంటే దాదాపు 8 నుంచి 10 కిలోల పచ్చి ఉల్లి కావాలి. పచ్చి ఉల్లి కిలోకు ఒక్క రూపాయి పెరిగితే పొడి మీద 8 నుంచి 10 రూపాయలు పడుతుంది. మిగిలిందంతా నీరే. ఆ నీటిని ఆవిరి చేయడానికి ఇంధనం కావాలి, కరెంటు కావాలి. పొట్టు తీసి, కోసి, ఏరే మనుషులు కావాలి. పచ్చి ఉల్లి చవకైనంత మాత్రాన ఈ ఖర్చులు తగ్గవు. ఇంకో సంగతి, ఈ ఫ్యాక్టరీలు ఏడాదంతా ఒకే తీరుగా నడవవు. తెల్ల ఉల్లి పంట చేతికొచ్చే ఎండాకాలం నెలల్లోనే అసలు పని. ఆ సీజన్‌లో కొన్న రేటుతోనే సరుకు ఏడాదంతా అమ్ముతారు. సెప్టెంబర్‌లో మనం కొనే ప్యాకెట్ ధర చాలావరకు ఏప్రిల్‌లోనే ఖాయమైపోయి ఉంటుంది.

ఎగుమతి నిషేధం వస్తే ఇంకో రకం. 2023 ఆగస్టులో కేంద్రం ఉల్లి ఎగుమతి మీద 40 శాతం సుంకం వేసింది. అక్టోబర్ చివర్లో టన్నుకు 800 డాలర్ల కనీస ధర పెట్టింది. డిసెంబర్ 8 నుంచి పూర్తిగా ఆపేసింది. అప్పటికే ఈజిప్ట్ కూడా తన ఉల్లిని బయటికి పంపడం ఆపింది. గల్ఫ్ మార్కెట్లో పచ్చి ఉల్లికి కటకట వచ్చింది. 2024 మార్చిలో యూఏఈకి 14,400 టన్నులు పంపడానికి ఇండియా ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. మే 4న నిషేధం ఎత్తేసినా సుంకం మాత్రం ఉంచారు. అది పూర్తిగా పోయింది 2025 ఏప్రిల్ 1న.

ఈ నిషేధం పచ్చి ఉల్లికే. ఎండు ఉల్లి కస్టమ్స్ లెక్కలో వేరే సరుకు, దాన్ని ఆపలేదు. అప్పుడు రెండు వైపుల నుంచి లాగుడు మొదలవుతుంది. పచ్చి ఉల్లి బయటికి పోదు కాబట్టి ఫ్యాక్టరీకి ముడిసరుకు చవకగా దొరికే అవకాశం ఉంటుంది. ఇక్కడేమో హోటళ్లు, క్యాటరింగ్ కంపెనీలు పచ్చి ఉల్లికి బదులు పొడి అడుగుతాయి, దాంతో గిరాకీ పెరుగుతుంది. అక్కడ తగ్గాల్సింది ఇక్కడ పెరుగుతుంది. ఇంట్లోవాళ్లు చెప్పే రేటును బట్టి ఇక్కడి రేటును ఊహించుకుంటే తప్పిపోయేది ఇక్కడే.

టమాటా డబ్బా కథ మదనపల్లెది కాదు

2023 జులైలో మదనపల్లె టమాటా కిలో వంద దాటింది, కొన్నిచోట్ల 200 దాకా పోయింది. చాలామంది ఇక్కడి పేస్ట్ డబ్బా కూడా దానివల్లే పెరిగిందనుకున్నారు. కానీ పేస్ట్‌కు వాడే టమాటా రకాలే వేరు. ప్రపంచంలో పేస్ట్ ధరను నిర్ణయించేది కాలిఫోర్నియా, చైనా, ఇటలీ. కాలిఫోర్నియాలో రైతుల సంఘం, ఫ్యాక్టరీలు ప్రతి ఏడాదీ ముందే ధర మాట్లాడుకుంటాయి. 2022లో టన్ను 105 డాలర్లు ఉన్నది 2023లో 138 డాలర్లకు పోయింది. కరువు, ఎరువులు, గ్యాస్ ఖర్చు అన్నీ కలిసి పైకి తోశాయి. ఆ తర్వాత 2024లో చైనా కోటి టన్నులకు పైగా టమాటాను ప్రాసెస్ చేసింది. సరుకు గుట్టలు పడి టోకు ధర పడింది. అంత పడినా చిల్లర డబ్బా మీద కనిపించేది తక్కువే. ఎందుకంటే రేకు డబ్బా, ప్యాకింగ్, రవాణా ఖర్చులు లోపలి పేస్ట్‌తో పాటు తగ్గవు. చిన్న డబ్బా కొన్నకొద్దీ రేకుకే ఎక్కువ కడుతున్నట్టు.

వెల్లుల్లి సంగతి ఒక్క ముక్కలో: ప్రపంచ పంటలో ఎక్కువ భాగం చైనాదే, అక్కడ పంట తగ్గితే ఎక్కడైనా పొడి ధర పెరుగుతుంది.

ఏ ఓడరేవు నుంచి వచ్చిందో అదీ లెక్కే

2023 నవంబర్ నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాయి. పెద్ద కంపెనీల ఓడలు సూయజ్ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. ఇటలీ నుంచి దుబాయ్ వచ్చే పేస్ట్‌కు అది చాలా పెద్ద చుట్టు. చైనా పేస్ట్ తూర్పు నుంచి వస్తుంది, దానికి దారి మారలేదు. అయినా ఓడలు, కంటెయినర్లు దొరక్క అద్దె అందరికీ పెరిగింది. మన ముంబై, ముంద్రా నుంచి దోహాకో దమ్మామ్‌కో వచ్చే సరుకు ఎర్ర సముద్రం దాటదు. జెద్దాకు పోవాలంటే మాత్రం ఆ దారే. కొంత సరుకును జెబెల్ అలీలోనో దమ్మామ్‌లోనో దించి లారీల్లో ఎడారి దాటించారు. ఒకే బ్రాండ్ డబ్బా జెద్దాలో ఒక రేటు, దోహాలో ఒక రేటు ఉంటే ఆశ్చర్యపోవద్దు.

దాని మీద పన్ను. సౌదీలో 2020 జులై నుంచి వ్యాట్ 15 శాతం. బహ్రెయిన్‌లో 10, యూఏఈ, ఒమన్‌లలో 5. ఖతర్, కువైట్‌లలో వ్యాట్ అమలు కాలేదు. యూఏఈలో 2025 జనవరి నుంచి తొమ్మిది రకాల నిత్యావసరాల ధరలు ప్రభుత్వ అనుమతి లేకుండా పెంచకూడదు. వంట నూనె, గుడ్లు, పాల సరుకులు, బియ్యం, చక్కెర, కోడి మాంసం, పప్పుదినుసులు, రొట్టె, గోధుమలు. ఉల్లి పొడి, టమాటా పేస్ట్ ఆ జాబితాలో లేవు. అంటే బియ్యం రేటు ఆగినా, కూరలో పడేవాటి రేటుకు అడ్డు లేదు.

రూపాయి పడితే ఇండియా సరుకు ఇక్కడ చవక కావాలి కదా అని కొందరు అడుగుతారు. 2025 డిసెంబర్‌లో డాలర్ 90 రూపాయలు దాటింది. అయితే ఎగుమతిదారు బేరం ఆడేదే డాలర్లలో, రియాల్, దిర్హామ్ డాలర్‌తో కట్టేసి ఉన్నాయి. రూపాయి పడితే లాభం ముందుగా ఎగుమతిదారుకి, ఇంటికి డబ్బు పంపే మనకి. డబ్బా మీద రేటు మారాలంటే బేరం మళ్లీ ఆడాలి.

300 రియాళ్లు ఎక్కడ ఆగాయి?

ఖతర్‌లో 2021 మార్చి 20 నుంచి కనీస వేతనం అమల్లోకి వచ్చింది. బేసిక్ 1,000 రియాళ్లు. కంపెనీ భోజనం పెట్టకపోతే 300, వసతి ఇవ్వకపోతే 500 అదనం. 300 అంటే నెలకు 30 రోజులు వేసుకుంటే రోజుకు 10 రియాళ్లు. పైన చెప్పిన కరువు, ఎర్ర సముద్రం, ఉల్లి నిషేధం అన్నీ 2021 తర్వాత జరిగినవే. మిగతా గల్ఫ్ దేశాల్లో ఇలా అంకె చెప్పే చట్టం లేదు. కాంట్రాక్టులో ఏది రాసుంటే అదే.

కంపెనీయే భోజనం పెట్టేచోట దెబ్బ వేరేలా తగులుతుంది. క్యాటరింగ్ వాళ్లతో కంపెనీ మాట్లాడుకునేది మనిషికి రోజుకు ఇంత అని, అదీ ఏడాదికో రెండేళ్లకో. మధ్యలో పేస్ట్, పొడి రేటు పెరిగితే వాళ్లు కంపెనీని అడగలేరు. ప్లేటులో సర్దేస్తారు. కూర పలచబడుతుంది, పచ్చి ఉల్లి పోయి పొడి వస్తుంది, రెండో కూర మాయమవుతుంది. ఇలా జరుగుతుంటే వంటవాడితో గొడవ పడి లాభం లేదు, అతనూ మనలాంటి కూలీయే. తేదీలతో ప్లేటు ఫొటోలు తీసిపెట్టుకుని, నలుగురైదుగురు కలిసి క్యాంప్ ఇన్‌చార్జికి రాతపూర్వకంగా ఇవ్వండి.

సొంతంగా వండుకునేవాళ్లు డబ్బా మీద రెండు విషయాలు చూడాలి. టమాటా పేస్ట్ మీద 22-24 లేదా 28-30 శాతం అని రాసుంటుంది, అది నీరు తీసేస్తే మిగిలే అసలు పదార్థం. ఒకే బరువు ఉన్న రెండు డబ్బాల్లో 22 శాతం ఉన్నదాంట్లో 28 శాతందానికంటే అయిదో వంతు తక్కువ టమాటా ఉంటుంది. రేటు అయిదో వంతు కంటే ఎక్కువ తగ్గితేనే అది నిజంగా చవక. అల్లం వెల్లుల్లి పేస్ట్‌లో దినుసుల జాబితా చూడండి, ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. నీళ్లో ఉప్పో మొదట్లోనే కనిపిస్తే ఆ సీసా తిరిగి పెట్టేయొచ్చు.

కాంట్రాక్టు రెన్యూవల్ దగ్గరపడినవాళ్లు ఇప్పటినుంచే మూడు నెలల మెస్ బిల్లులు దాచండి. రూమ్‌లో తలా ఎంత పడిందో, పేస్లిప్‌లో ఫుడ్ అలవెన్స్ ఎంత వచ్చిందో ఒకే కాగితం మీద రాయండి. పేస్లిప్‌లో ఆ అలవెన్స్ విడిగా కనిపించకపోతే, బేసిక్‌లోనే కలిపేశారా అని సంతకం పెట్టకముందే అడగండి. ఖతర్‌లో ఉన్నవాళ్లకు ఆ 300 బేసిక్ 1,000కి అదనంగా రావాలి, అందులో కలిసి కాదు.