సర్దీ కింది నుంచి వస్తుంది

డిసెంబర్ మొదలైందంటే చాలు, మన వాట్సప్ గ్రూపుల్లో కంబళ్ల ఫొటోలు మొదలవుతాయి. వెనక ఒక బ్యానర్, ముందు పదిమంది సాబ్‌లు, మధ్యలో ఒక ముసలి ఖాలా. ఆమె చేతిలో ఉన్న ఒక్క కంబల్‌ను ఆరుగురు పట్టుకుని ఉంటారు. ఎవరి నియ్యత్‌నూ నేను శంకించడం లేదు. అల్లాహ్ కబూల్ చేయుగాక. కానీ ఈ ఖిద్మత్ చేసే తరీఖా మీద నాకు గట్టి షికాయత్ ఉంది. అది చెప్పాలంటే మిమ్మల్ని కందకుర్తి దాకా తీసుకెళ్లాలి.

కందకుర్తి మన నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలంలో, మహారాష్ట్ర సరిహద్దు మీద ఉన్న ఊరు. గోదావరి, మంజీర, హరిద్ర అక్కడ కలుస్తాయి. 2015 పుష్కరాలప్పుడు ఆ ఘాట్ పేరు అందరి నోటా నానింది. వంతెన దాటితే నాందేడ్ జిల్లా, ధర్మాబాద్ దారి. పైన బాబ్లీ బ్యారేజీ గేట్లు అక్టోబర్ 28 దాకా ఎత్తి ఉంటాయి, తర్వాత దించేస్తారు. కింద శ్రీరాంసాగర్ వెనుక నీళ్లు యాసంగి పంటలకు పోతూ మెల్లమెల్లగా తగ్గుతుంటాయి. నీళ్లు తగ్గినకొద్దీ ఒడ్డున పచ్చిక బయటపడుతుంది. ఆ పచ్చికతో పాటు డేరాలు కూడా బయటపడతాయి.

ఎవరు వీళ్లు? గొర్ల మందలతో వచ్చేవాళ్లు కొందరు. పొలాల్లో మంద పెట్టించుకున్న రైతు ఇంత గింజలో పైసలో ఇస్తాడు, ఎరువు అతనికి మిగులుతుంది. మరాఠ్వాడా నుంచి చెరుకు నరకడానికి వచ్చే జంటలు కొందరు. వాళ్ల హిసాబ్‌లో మొగుడూ పెళ్లాం కలిస్తే ఒక 'కోయ్‌తా', అంటే ఒక కొడవలి. ఇద్దరు మనుషులు, లెక్కకు ఒక కొడవలి! ఇక సూదులు, పిన్నులు, అత్తరు, తావీజులు అమ్ముకుంటూ, దఫ్ కొట్టుకుంటూ తిరిగే మన ఫకీర్ కుటుంబాలు కొన్ని. చెరుకు బండ్లు మునుపటిలా రావడం లేదు. 1937లో శక్కర్‌నగర్‌లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబర్‌లో మూతపడింది. బోధన్ చుట్టూ చెరుకు తోటలు పోయి వరి, సోయా వచ్చాయి. ఫ్యాక్టరీ పోతే మన మజ్దూర్ల నౌక్రీలు పోయాయని రాశాం, మంచిదే. ఎడ్ల బండి కింద పిల్లల్ని పడుకోబెట్టి సీజన్ గడిపేవాళ్ల దారి మారిపోయిందని ఎవరూ రాయలేదు.

ఈ మనుషులు సర్దీకి ఎలా తయారవుతారో ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఉత్తర తెలంగాణలో డిసెంబర్, జనవరి రాత్రులు కొన్నిసార్లు 10 డిగ్రీల కిందికి పడిపోతాయి. నది ఒడ్డున పొద్దెక్కేదాకా మంచు కమ్ముకుని ఉంటుంది. తలుపులు, గోడలు, స్లాబ్ ఉన్న మనమే రెండు రజాయిలు కప్పుకుని వణుకుతాం. వాళ్లు అదే రాత్రిని ఒక పరదా కింద గడుపుతారు. అది తఖ్దీర్ మీద భారం వేసి గడిపే రాత్రి కాదు. దాని వెనక తరాల ఇల్మ్ ఉంది.

మొదటిది జాగా. చల్లగాలి బరువైనది, నీళ్లలాగే పల్లానికి దిగుతుంది. అందుకే తెలిసినవాళ్లు నీటి పక్కన పల్లంలో డేరా వేయరు. కాస్త మెరక చూసుకుంటారు. చెట్టు కింద ఉంటే మంచు తక్కువ పడుతుంది. గట్టో పొదో వెనక ఉంటే గాలి ఆగుతుంది. ఉత్తరానికి వీపు పెట్టి, దక్షిణానికి వాకిలి తీస్తారు.

రెండోది నేల. ఇదే అసలు సంగతి. నది ఒడ్డున ఒక ముసలి ఖాలాను 'ఈసారి కంబళ్లు అందాయా' అని అడిగితే ఆమె నవ్వింది. "సర్దీ ఊపర్ సే నై ఆతీ బేటా, నీచే సే ఆతీ" అంది. నేల మీద పడుకున్న మనిషి ఒంట్లోని గర్మీని నేల గుంజేస్తుంది. పైన ఎన్ని కప్పుకున్నా, కింద ఏమీ లేకపోతే తెల్లారేసరికి నడుం కొయ్యబారిపోతుంది. అందుకే వాళ్లు ముందు వరిగడ్డి మందంగా పరుస్తారు, దాని మీద గోనె సంచులు, ఆ పైన బొంత. గడ్డిలో, సంచుల్లో, బొంత పొరల్లో చిక్కుకున్న గాలే సర్దీని ఆపుతుంది. మనం పంచే కంబల్ మాత్రం ఎప్పుడూ పైన కప్పుకునేదే. కింద పరుచుకోవడానికి ఏమైనా ఇచ్చిన జమాత్‌ను నేను ఇంతవరకు చూడలేదు.

గడ్డి కూడా ఇప్పుడు సులువుగా దొరకడం లేదు. చేత్తో కోసిన రోజుల్లో రైతును అడిగితే రెండు మోపులు ఇచ్చేవాడు. ఇప్పుడు కోత మిషన్ గడ్డిని చిందరవందర చేసి పోతుంది. మిగిలింది కట్టలు కట్టి అమ్ముతారు, లేదా కాల్చేస్తారు. మనకు అది పొగ సమస్య. డేరాలో ఉన్నవాడికి కాలిపోతున్నది తన పరుపు.

మూడోది బొంత. పాత చీరలు, లుంగీలు, చిరిగిన షర్టులు పొరలు పొరలుగా వేసి వరసగా కుట్లు వేస్తారు. ఒక కుటుంబం వాడేసిన బట్టలన్నీ అందులో ఉంటాయి. కర్ణాటకలో మన సిద్దీ ఆడవాళ్లు కుట్టే కవందిని ఇప్పుడు కళాఖండమని ప్రదర్శనల్లో పెడుతున్నారు. మన డేరాల్లో అదే పని చేసే చేతుల్ని మాత్రం 'మైలగా ఉన్నాయి' అని దూరంగా ఉంచుతున్నాం.

గొర్ల కాపరుల గొంగడి సంగతీ ఇంతే. దక్కనీ గొర్రె నల్ల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి చలికీ వానకూ ఆగుతుంది. పరుచుకుంటే పరుపు, కప్పుకుంటే కంబల్, తల మీదుగా వేసుకుంటే గొడుగు. కానీ మాంసం కోసం ఉన్ని లేని జాతులు మందల్లోకి వచ్చాక దక్కనీ ఉన్ని తగ్గింది, నేసేవాళ్లూ తగ్గారు. ఆ జాగాను పల్చటి నైలాన్ కంబల్ నింపింది. అది మంట పక్కకు చేరిందంటే కరిగి ఒంటికి అంటుకుంటుంది.

నాలుగోది నిప్పు. తెలిసినవాళ్లు నెగడు డేరా బయటే వేస్తారు. పరదాను నాలుగు వైపులా మూసేసి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకుంటే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అందుకే పైన ఒక సందు వదులుతారు. ఆ సందు లేకపోతే ఊపిరిలోని తడి ప్లాస్టిక్‌కు పట్టి బొట్లు బొట్లుగా మీద పడుతుంది, బొంత తడుస్తుంది. తడిసిన బొంత ఉన్నా లేనట్టే. పిల్లలు, ముసలివాళ్లు మధ్యలో, జవాన్లు అంచుల్లో పడుకుంటారు. ఎడ్లకు గోనెపట్టా ఝూల్ కడతారు. జొన్న రొట్టె, నువ్వులు, బెల్లం ఎక్కువగా తింటారు.

ఇప్పుడు మన పిల్లలు యూట్యూబ్‌లో చూసే వ్యాన్‌ల సంగతికి వద్దాం. అమెరికాలో ఇల్లు వదిలి వ్యాన్‌లో బతికేవాళ్లు చాలామంది ఉన్నారు. కొందరిది షౌక్, కొందరిది కిరాయి కట్టలేని మజ్బూరీ. చలికాలం రాగానే వాళ్లలో ఎందరో ఆరిజోనా ఎడారిలోని క్వార్ట్‌జ్‌సైట్ లాంటి చోట్లకు చేరుకుంటారు. ముందు వెచ్చటి జాగాకు వెళ్లు, నేల నుంచి చలి రాకుండా చూసుకో, గాలి ఆడే సందు వదులు, లోపల నిప్పుతో జాగ్రత్త. వాళ్లు వీడియోల్లో చెప్పేవి ఇవే. అంటే మన ఖాలా చెప్పినవే. వ్యాన్‌లో ఉన్నవాడిని మనం 'ఆజాద్ మనిషి' అని లైక్ కొడతాం. డేరాలో ఉన్నవాడిని మాత్రం 'ఎక్కడివాడో, ఎందుకొచ్చాడో' అని ఆరా తీస్తాం.

ఆ ఆరా ప్రాణాలు తీస్తుంది. 2018 జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న వాట్సప్ పుకారు నమ్మి, నాథ్‌పంథీ డవరీ గోసావీ సంచారజాతికి చెందిన ఐదుగురిని జనం కొట్టి చంపారు. పుకార్లకు సరిహద్దులు ఉండవు. అలాంటి వార్త విన్న డేరా కుటుంబం ఊరికి ఎంత దగ్గరగా దిగుతుంది చెప్పండి? బడి గోడ పక్కన, ఈద్గా చెట్ల కింద, గుడి మండపం దగ్గర గాలి తగలని జాగాలు ఉంటాయి. 'ఇక్కడొద్దు' అనిపించుకుని, నదీ పల్లంలోకి, పొలాల మధ్య బయలులోకి పోతారు. అంటే అందరికంటే ఎక్కువ చలి ఉన్న చోటికి. వాళ్ల సర్దీలో సగం మౌసమ్ ఇచ్చింది, సగం మనం ఇచ్చింది.

మనం అంటే ముఖ్యంగా మన కౌమ్ గురించే చెబుతున్నాను. 2007లో ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చిన చట్టం జాబితా తీసి చూడండి. పకీర్ల, బోరెవాలే, డేరా ఫకీర్లు, బొంతల అని అందులో ఉంది. బోరె అంటే గోనె సంచి. డేరా అంటే గుడారం. బొంత సంగతి పైన చెప్పాను. పరుచుకునేది, కట్టుకునేది, కప్పుకునేది వీళ్లకు బిరాదరీ పేర్లయ్యాయి. గారడీ సాయిబులు, గంట ఫకీర్లు, ఎలుగుబంటి ఆడించేవాళ్లు కూడా అదే జాబితాలో ఉన్నారు. మన పిల్లలకు ఇంజినీరింగ్, మెడికల్ సీట్లు వచ్చిన రిజర్వేషన్‌కు వీళ్ల గరీబీ కూడా ఒక దలీల్. కానీ ఆ సర్టిఫికెట్ వీళ్లలో ఎందరి చేతిలో ఉంది? దఫ్తర్‌లో ముందు అడిగేది పక్కా పతా. పతా అంటే డేరా చూపిస్తారా?

మసీదుల్లోనూ ఇదే అడుగుతాం. ఒక ఊరి కమిటీ దగ్గర నా కళ్లతో చూశాను. డేరాలో ఒక ముసలాయన ఇంతెకాల్ అయితే, కబ్రస్తాన్‌లో జాగా ఇచ్చే ముందు 'వీళ్లు ఏ జమాత్ వాళ్లు, ఏ ఊరి వాళ్లు' అని జొహర్ నుంచి మగ్రిబ్ దాకా బహస్ నడిచింది. చివరికి జాగా ఇచ్చారు, నమాజె జనాజాలో రెండు సఫ్‌లు కూడా నిండలేదు. అదే వారం అక్కడ కంబళ్ల పంపిణీ జరిగింది.

సూరె తౌబా 60వ ఆయత్‌లో జకాత్ హక్‌దారులు ఎనిమిది రకాలు. చివరిది ఇబ్నుస్సబీల్, అంటే దారిలో ఉన్న మనిషి. ఆ మాటను మనం బస్సు టికెట్‌కు పైసలు పోగొట్టుకున్న ముసాఫిర్‌కు మాత్రమే పరిమితం చేసుకున్నాం. పుట్టింది దారిలో, పెళ్లి దారిలో, మౌత్ దారిలో అయినవాళ్లు మన లెక్కలోకి రారా? ఫకీర్, మిస్కీన్ ఖానాల్లోనైనా రారా? ఇక చెరుకు నరికే మరాఠీ అన్నకు, గొర్ల కాపరికి నఫిల్ సదఖా ఇవ్వడానికి మజ్హబ్ అడ్డు రాదు. ఈ సంగతి ఇమాం సాబ్‌లు మింబర్ మీద నుంచి చెప్పాలి.

కాబట్టి ఈ ఏడు కంబళ్ల చందా వసూలు చేసేవాళ్లకు నా గుజారిష్ ఇది. డిసెంబర్ ఆఖరులో కాదు, అక్టోబర్‌లోనే, డేరాలు దిగే రోజుల్లోనే వెళ్లండి. వెళ్లి ముందు అడగండి. కొన్నిచోట్ల కంబల్ కావాలంటారు, చాలాచోట్ల మంచి తాడ్‌పత్రి, గోనె సంచులు, గడ్డి, నూనె, పిల్లలకు మేజోళ్లు కావాలంటారు. రైతు భాయిలు నాలుగు గడ్డి మోపులు కాల్చకుండా ఉంచితే అది కూడా సదఖాయే. ఈద్గా చుట్టూ ఉన్న చెట్ల కింద చలి మూడు నెలలు దిగనివ్వండి. నల్లా, బైతుల్‌ఖలా వాడుకోనివ్వండి. నిప్పు సంగతి కొత్తగా వచ్చిన జవాన్లకు చెప్పండి. ఫొటోలు వద్దు.

ఇక కంబల్ కంటే ఎక్కువ కాలం పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. ఆహార భద్రత కార్డు ఎక్కడిదైనా ఇప్పుడు దేశంలో ఏ రేషన్ దుకాణంలోనైనా బియ్యం తీసుకోవచ్చు. నాందేడ్ కార్డుతో రెంజల్‌లో తీసుకునే హక్కు ఉంది. డీలర్ దగ్గరికి వాళ్లతో పాటు చదువుకున్న మనిషి ఒకరు వెళితే ఆ పని అవుతుంది. 2016లో 71తో మొదలై 204కు పెరిగిన మైనారిటీ గురుకులాలు మన దగ్గర ఉన్నాయి. డేరా పిల్లకు హాస్టల్ అంటే బడి ఒక్కటే కాదు, చలికాలంలో ఒక కప్పు. దరఖాస్తు నింపి, సర్టిఫికెట్ కోసం తహసీల్దార్ ఆఫీస్ చుట్టూ తిరిగే ఓపిక మన గ్రాడ్యుయేట్ నౌజవాన్లకు ఉండాలి. మొహల్లాకు ఇద్దరు చాలు.

ఒక కంబల్ ఖరీదు రెండు మూడు వందలు. ఈ పనులకు పైసలు అంతకంటే తక్కువే పడతాయి, వక్త్ ఎక్కువ పడుతుంది. మన కౌమ్ దగ్గర పైసలు తక్కువేమో కానీ, అసర్ తర్వాత హోటళ్ల ముందు కూర్చునే వక్త్ మాత్రం చాలా ఉంది. వచ్చే జుమా నాడు మీ మసీదు సదర్ సాబ్‌ను ఒక్క సవాల్ అడగండి: మన ఊరి శివారులో ఇప్పుడు ఎన్ని డేరాలు ఉన్నాయి? జవాబు తెలియకపోతే, అక్కడి నుంచే కలిసి నడుచుకుంటూ వెళ్లి లెక్కపెట్టి రండి.