బేరం బోన్సాయ్ దగ్గర ఆడండి బాబూ!

నాలుగు రోజులు సెలవులొస్తే చాలు, మన సాఫ్ట్‌వేర్ జనాలు రాజమండ్రి పక్కన కడియపులంకలో దిగిపోతారు. ఎటు చూసినా నర్సరీలే, కన్నుల పండగే. కాదనను, నేనూ వెళ్ళాను. నా గొడవ వేరే.

కుండీలో లావుపాటి మర్రి బోన్సాయ్ కనబడగానే మనవాడు వేలకి వేలు తీసిచ్చేస్తాడు. "ఇరవయ్యేళ్ళ చెట్టు సార్" అంటే నమ్మేస్తాడు, రుజువు అడగడు. అదే మనిషి పదడుగులు నడిచి, ఊళ్ళో నాన్నగారి తోటకి చిన్న రసం అంట్లు కొనేటప్పుడు మాత్రం మొక్కకి పది రూపాయలు తగ్గించమని అరగంట బేరమాడతాడు!

మాది నూజివీడు వైపు కాబట్టి చెప్తున్నా. మామిడి టెంక నాటితే తల్లిచెట్టు కాయే కాస్తుందన్న గ్యారంటీ లేదు. అందుకే టెంక మొక్కకి మంచి కాపున్న చెట్టు పుల్ల తెచ్చి అంటు కడతారు. ఆ లేత మొక్క చిన్న రసమో, బంగినపల్లో ఆకు చూసి చెప్పడం మనబోటి వాళ్ళ వల్ల కాదు. కాపుకొచ్చేసరికి 4-5 ఏళ్ళు. అంటే బగ్ బయటపడేది అప్పుడన్నమాట. రోల్‌బ్యాక్ లేదు. పది మీటర్ల ఎడంలో వేస్తే ఎకరాకి 40 చెట్లు, అన్నీ కొట్టేసి మళ్ళీ మొదటికి. బోన్సాయ్ చస్తే పోయేది ఒక కుండీ. అంటు తప్పయితే పోయేది రైతు అయిదేళ్ళ బతుకు.

బోన్సాయ్ అంటే చెట్టుని హింసించడమేనని కొందరు నీతులు చెప్తారు. నేనా బాపతు కాదు. ఏళ్ళ తరబడి వేళ్ళు కత్తిరించి, తీగ చుట్టి, నీళ్ళు పోసి బతికించడం పనితనమే, డబ్బివ్వాల్సిందే. మరి తల్లిచెట్టుని చూసి పుల్ల ఎంచేవాడిది పనితనం కాదా? "మార్కెట్ రేటే అంత" అంటారా? రేటొక్కటే అడిగేవాడికి ఏ చెట్టుదో తెలియని మొక్క అంటగట్టడం కూడా ఆ మార్కెట్టే నేర్పుతుంది.

నర్సరీల రిజిస్ట్రేషన్‌కి 2010లోనే చట్టం వచ్చింది. నూజివీడులోనే మామిడి పరిశోధనా స్థానం ఉంది. "మీ తల్లిచెట్లు ఎక్కడున్నాయి? రిజిస్ట్రేషన్ ఉందా?" అని మనలో ఎంతమంది అడిగాం? ఆఫీసులో మాత్రం రివ్యూ లేకుండా రెండు లైన్ల కోడ్ కూడా లైవ్‌లోకి పంపం!

ఈసారి వెళ్తే బేరం బోన్సాయ్ దగ్గర ఆడండి. అంటు దగ్గర ప్రశ్నలడగండి, సరైన జవాబొస్తే అడిగినంత ఇచ్చేయండి. కాదంటారా? వాదనకి నేను రెడీ.